సీటూ నోరూ

ఎనిమిదో తరగతికి ప్రాథమిక హక్కుల పాఠం చెబుతున్నా. స్వాతంత్ర్యపు హక్కు దగ్గరికొచ్చాం. మాట్లాడే స్వేచ్ఛ, సమావేశమయ్యే స్వేచ్ఛ, సంఘం పెట్టుకునే స్వేచ్ఛ అని బోర్డు మీద వరసగా రాసి, అడుగున ‘అయితే ఇవి సహేతుకమైన పరిమితులకు లోబడి ఉంటాయి’ అని రాశాను. వెనక వరసలోంచి మాదిగపల్లె పిల్ల ఒకతి లేచి, "సార్, ఇంతకీ ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇచ్చారు గానీ హద్దులున్నాయమ్మా అని ఏదో చెప్పి, గంట కొట్టేదాకా ఇంకేదో మాట్లాడి బయటపడ్డాను. పన్నెండేళ్ల పైగా సాంఘికం చెబుతున్నాను. ఆ ప్రశ్న ఇంతవరకూ నేను వేసుకోలేదు.

ఆ పిల్లకి అప్పుడు చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం. దీన్ని విమర్శ అనే అంటున్నాను. మనం కథల్ని విమర్శిస్తాం, కవిత్వాన్ని చీల్చి చెండాడతాం, పురాణాల్ని తిరగేసి చదువుతాం. రాజ్యాంగం దగ్గరికొచ్చేసరికి దండ వేస్తాం. ఏప్రిల్ 14న వేస్తాం, నవంబరు 26న వేస్తాం. పుస్తకం చేతిలో పట్టుకుని వేలు చూపిస్తున్న విగ్రహం మన పల్లెల్లో లేనిదెక్కడ? ఆ పుస్తకాన్ని తెరిచి చదివినోళ్లు మనలో ఎంతమంది? వాళ్లు వేదాన్ని చదవకుండా మొక్కారు, మనం రాజ్యాంగాన్ని చదవకుండా మొక్కుతున్నాం. రాసినాయన మాత్రం మొక్కలేదు. 1953 సెప్టెంబరు 2న రాజ్యసభలో అంబేద్కర్ ఆ పుస్తకాన్ని తగలబెట్టేవాళ్లలో తానే మొదటివాణ్ణవుతానన్నాడు. చెయ్యమన్నది చేశాను, నా ఇష్టానికి విరుద్ధంగా చాలా చేశాను అన్నాడు. ఆ రోజు సభలో చర్చకొచ్చిన బిల్లు ఏంటో తెలుసా? ఆంధ్ర రాష్ట్ర బిల్లు. మన రాష్ట్రం పుట్టుక గురించి మాట్లాడుతూ, పెద్ద కులాల చేతిలో చిన్నవాళ్లకు రక్షణేదని అడుగుతూ అన్న మాట అది. తెలుగోళ్ల పాఠ్యపుస్తకాల్లో పొట్టి శ్రీరాములు నిరాహార దీక్ష ఉంటుంది. ఈ మాట ఉన్న పుస్తకం నాకింకా కనపడలేదు.

ఇష్టానికి విరుద్ధంగా చెయ్యడాన్ని మా ఊళ్లో రాజీ అంటారు.

రాజీ అంటే ఏంటో నాకు పాఠంలో కాదు, మా ఇంట్లో తెలిసింది. 2000 సంవత్సరం, నేను ఎనిమిదో తరగతి. మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండే ఊరు. మా నాయన బ్యారను దగ్గర కూలి. సీజను అయిపోయినా కూలి బాకీ ఇయ్యకపోతే టీ కొట్టు దగ్గర ఆసామిని అడిగాడు. నలుగురిలో అడిగాడన్నదే తప్పు. పొద్దున పదిగంటలప్పుడు, కులం పేరెత్తి తిట్టి, చెప్పుతో కొట్టారు. పల్లె కుర్రోళ్లు కదిలారు, సంఘపోళ్లు వచ్చారు, 1989 చట్టం కింద కేసు నమోదైంది. మా పల్లెలో ఆ చట్టం పేరు వినపడ్డం అదే మొదలు. మా నాయన వారం రోజులు తలెత్తుకుని నడిచాడు. నాకు బాగా గుర్తు.

కేసు విచారణకొచ్చేసరికి మూడేళ్లు పట్టింది. ఈ మూడేళ్లలో పల్లెలో ఎవరికీ ఆ ఆసామి చేలో పనిలేదు. ఆయన చుట్టాల చేలల్లోనూ లేదు. పల్లెవాళ్లే మా నాయన్ని అడగడం మొదలుపెట్టారు, "నీ ఒక్కడి మూలాన ఎన్నాళ్లయ్యా?" అని. చివరికి రాముల గుడి అరుగు మీద పెద్దమనుషులు కూచున్నారు. మా నాయన కింద నిలబడ్డాడు. ఎనిమిది వేలు ఇప్పించారు. తెల్లకాయితం మీద ఏలిముద్ర వేయించుకున్నారు. చట్టం ప్రకారం ఆ కేసు రాజీకి పనికొచ్చేది కాదు. అందుకే కోర్టులో కాయితం చూపించలేదు. మా నాయన బోనెక్కి, చీకట్లో ఎవరు కొట్టారో చూడలేదు అని చెప్పాడు. పొద్దున పదిగంటల చీకటి.

ఆ డబ్బుతో నాకు ఇంటర్ ఫీజు కట్టారు. రేకు పెట్టె, దుప్పటి, రెండు జతల బట్టలు కూడా. ఇవాళ నేను హక్కుల పాఠం చెబుతున్నానంటే ఒక హక్కును అమ్మిన డబ్బుతో చదివి చెబుతున్నాను.

ఇక్కడ మన సాహిత్యాన్ని కూడా ఒక మాట అడగాలి. మన ఆత్మకథలు ఎన్ని చదివాను! అన్నింట్లోనూ ఎదురు తిరిగిన నాయనలు, కారంపొడి పట్టుకున్న అమ్మలు. నాకు గర్వంగానే ఉంటుంది. కానీ ఏలిముద్ర వేసొచ్చిన నాయనలు ఏరీ? కోర్టులో మాట మార్చినోళ్లు ఏరీ? పల్లెల్లో ఎక్కువమంది వాళ్లే కదా. సాక్షులు ఎదురు తిరిగారని తీర్పుల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్క వెనకున్న మూడేళ్ల ఆకలి మనమైనా రాయకపోతే ఎవరు రాస్తారు? సిగ్గుపడి దాచుకుంటున్నాం. సిగ్గుపడాల్సింది మా నాయనా?

2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో, అట్రాసిటీ కేసైనా పరిస్థితిని బట్టి రాజీని ఒప్పుకుని కొట్టేయొచ్చని చెప్పింది. బాధితుడు తన ఇష్టంతో ఒప్పుకున్నాడో లేదో, ఒత్తిడి ఉందో లేదో జాగ్రత్తగా చూడాలని కూడా చెప్పింది. చూసేదెవరు, ఎట్టా చూస్తారు? మా నాయన్ని ఆ రోజు ఎవరడిగినా నా ఇష్టంతోనే అనేవాడు. ఇష్టమన్నది అరుగు మీద కూచున్నోడికి వేరు, అరుగు కింద నిలబడ్డోడికి వేరు.

అరుగు కింద నిలబడ్డ ఇంకో మనిషి గురించి చెప్పాలి. 1932 ఆగస్టులో అస్పృశ్యులకు ప్రత్యేక నియోజకవర్గాలు వచ్చాయి. రాష్ట్రాల శాసనసభల్లో 71 సీట్లు. మన మనిషిని మనమే ఎన్నుకోవడం, పైగా మామూలు నియోజకవర్గంలో ఇంకో ఓటు. సెప్టెంబరు 20న ఎరవాడ జైల్లో గాంధీ నిరశన మొదలుపెట్టాడు. నాలుగు రోజుల్లో, 24న, అంబేద్కర్ సంతకం పెట్టాడు. ఆయన చచ్చిపోతే దేశంలో ప్రతి ఊళ్లోనూ మన పల్లెల గతేంటన్న భయం ఆ సంతకం వెనక ఉంది. మా నాయన అరుగు కింద నిలబడి ఆలోచించిందీ అదే. పోలిక పెద్దదైపోయిందని ఎవరైనా అంటే అననీ. బెదిరింపు పద్ధతి ఒకటే అయినప్పుడు మనుషులు చిన్నాపెద్దా అని చూడక్కర్లేదు.

సీట్లు 71 నుంచి 148 అయ్యాయి. రెట్టింపు కన్నా ఎక్కువ. చూసేవాళ్లకు లాభమే. కానీ ఓటు ఉమ్మడైంది. సీటు మనది, గెలిపించేది ఊరు. అంటే సీటిచ్చారు, నోరు తీసుకున్నారు. ఊరి ఓట్లతో గెలిచినోడు ఊరి మీద నోరెట్టా తెరుస్తాడు? కాన్షీరామ్ 1982లో, సరిగ్గా యాభయ్యేళ్లు నిండిన రోజున ‘చంచా యుగం’ పుస్తకం తెచ్చింది ఈ సంగతి చెప్పడానికే. ఇవాళ లోక్‌సభలో ఎస్సీలకు 84 సీట్లు, ఎస్టీలకు 47. చేతులు లెక్కపెడితే చిన్న బలం కాదు. మరి ఆ గొంతులు ఏవీ? 1985లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం పార్టీ ఫిరాయింపుల చట్టం తెచ్చింది. పదో షెడ్యూలు. పార్టీ విప్‌కు వ్యతిరేకంగా ఓటేస్తే సభ్యత్వం పోయే అవకాశం ఉంది. అమ్ముడుపోయేవాళ్లను ఆపడానికన్నారు. అమ్ముడుపోయేవాళ్లు గుంపులుగా పోవడం నేర్చుకున్నారు. ఆగింది మాత్రం ఒక్కడుగా నిలబడి కాదనేవాడు. ఈ ముడి అందరికీ ఉంది గానీ, మన సభ్యుడికి రెండు ముళ్లు. గెలవడానికి ఊరి దయ కావాలి, నిలవడానికి పార్టీ దయ కావాలి.

ఇక నా సీటు సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది నా ఒంటి మీది సంగతి.

మద్రాసు రాష్ట్రంలో కమ్యూనల్ జీవో ఉండేది. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు అందులోవే. కాలేజీల్లో ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1. రాజ్యాంగం అమల్లోకొచ్చిన కొద్ది నెలలకే దీని మీద కోర్టుకెక్కారు. చంపకం దొరైరాజన్ అనే బ్రాహ్మణ మహిళ మెడికల్ సీటు విషయంలో వేసిన కేసు. ఆమె అసలు ఆ కాలేజీకి దరఖాస్తే పెట్టలేదని తర్వాత తేలింది. ఈ జీవోకు వ్యతిరేకంగా మద్రాసు హైకోర్టులో వాదించినవాళ్లలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఒకరు. రాజ్యాంగం ముసాయిదా కమిటీలో అంబేద్కర్ పక్కన కూచున్నాయన, మా పొరుగున నెల్లూరు జిల్లాలో పుట్టినాయన. రాసినాయనే వచ్చి, రాసిన సమానత్వం ప్రకారం ఈ రెండు సీట్లు చెల్లవని వాదించాడు. సుప్రీంకోర్టు కూడా 1951 ఏప్రిల్లో జీవో చెల్లదంది.

అదే కాలంలో ఇంకో కేసు. ‘క్రాస్ రోడ్స్’ అనే వామపక్ష పత్రిక తమ రాష్ట్రంలోకి రాకూడదని అదే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ప్రజాభద్రత పేరు చెప్పి మాటను ఆపే అధికారం రాజ్యాంగంలో మీకు లేదని 1950 మే 26న సుప్రీంకోర్టు నిషేధాన్ని కొట్టేసింది.

రెండు తీర్పులూ ప్రభుత్వానికి ఎదురుదెబ్బలే. ఒకటి మనకు నష్టం, ఒకటి మాట్లాడేవాళ్లకు లాభం. ఢిల్లీ పెద్దలు రెండింటినీ జమీందారీ భూముల విషయంతో కలిపి ఒకే మూటలో కట్టారు. అదే మొదటి రాజ్యాంగ సవరణ. ఆ మూటలో 15(4) ఉంది. చదువుల్లో మనకు ప్రత్యేక ఏర్పాట్లు చెయ్యొచ్చన్న క్లాజు, నా డిగ్రీ సీటు, నా బీఈడీ సీటు. అదే మూటలో 19(2) మార్పు ఉంది. ప్రజాశాంతి, విదేశాలతో స్నేహం, నేరానికి పురిగొల్పడం అనే మూడు కొత్త కారణాలతో మాటను ఆపొచ్చు. నేను బోర్డు మీద రాసిన ‘సహేతుకమైన’ అన్న మాట వాక్ స్వేచ్ఛ క్లాజులోకి చేరింది కూడా అప్పుడే. న్యాయంగా చెప్పాలంటే ఆ ఒక్క మాట మేలే చేసింది, సహేతుకమా కాదా అని కోర్టు అడిగే వీలు మిగిలింది. కానీ మూట మూటే. 228 మంది అవునన్నారు, 20 మంది కాదన్నారు. ఆ సభ జనం ఓటేసి పంపిన సభ కూడా కాదు. మొదటి ఎన్నికలు ఇంకా జరగలేదు. మా తాత ఒక్కసారన్నా ఓటు వెయ్యకముందే ఆయన మనవడి సీటూ నోరూ ఒకే తక్కెట్లో పెట్టి తూచేశారు.

రెండు బిల్లులుగా పెట్టి ఉండొచ్చు. సీటుకొకటి, మాటకొకటి. పెట్టలేదు. ఆ మేలో సభలో నిలబడి ఆ మూటను సమర్థించిన న్యాయశాఖ మంత్రి అంబేద్కరే. నేనిది దాచను. గురువును అడగకూడదన్నది వాళ్ల సంప్రదాయం, మనదెందుకవుతుంది? ఆయన కేబినెట్లో ఉన్నాడు, కేబినెట్లో ఉన్నోడి నోరు కేబినెట్‌ది. నాలుగైదు నెలలకే హిందూ కోడ్ బిల్లును ముంచారని, షెడ్యూల్డ్ కులాలను పట్టించుకోలేదని కుర్చీ వదిలేసి బయటికొచ్చాడు. బయటికొచ్చాకే 1953 నాటి ఆ మాట అనగలిగాడు. సీటుంటే నోరుండదని ఆయనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?

మరి ప్రజాశాంతి అన్న ఆ కొత్త మాట ఎవరి మీద పనిచేసింది? పల్లెమీద దాడి జరిగిందనుకోండి. ముందు వచ్చేది 144 సెక్షన్. పల్లెను చూడ్డానికొచ్చేవాళ్లను ఊరి బయటే ఆపుతారు. కొట్టినోళ్లకు శాంతి, తిన్నోళ్లకు నిశ్శబ్దం. 2024 జులైలో కొత్త చట్టం వచ్చాక దాని అంకె 163 అయింది. అంకె మారింది. 2022 డిసెంబరులో మా పక్క కందుకూరులో ఒక పార్టీ సభ తొక్కిసలాటలో ఎనిమిదిమంది చనిపోయారు. దాన్ని సాకుగా చూపి 2023 జనవరి 2న అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జీవో నంబరు 1 తెచ్చి, రోడ్ల మీద సభలు పెట్టకూడదంది. ఆధారం 1861 నాటి తెల్లోడి పోలీసు చట్టం. మే నెలలో హైకోర్టు కొట్టేసింది. పెద్ద పార్టీలకు లాయర్లున్నారు, నాలుగు నెలల్లో తేల్చుకున్నారు. మాకు రోడ్డే సభ. ఫంక్షను హాలు అద్దె ఎవడు కడతాడు?

నోటి తర్వాత ఒళ్లు. విచారణ లేకుండా జైల్లో పెట్టడానికి రాజ్యాంగంలోనే, అదీ హక్కుల అధ్యాయంలోనే, 22వ అధికరణంలో దారి ఉంది. పిల్లలకిది చెబితే నమ్మరు. ముసాయిదా చర్చలప్పుడే, 1947లో, ఈ హక్కులు పోలీసు కానిస్టేబులు కళ్లతో రాసినట్టున్నాయని సోమనాథ్ లాహిరి అనే కమ్యూనిస్టు సభ్యుడు అన్నాడు. ఎమర్జెన్సీలో జైలుకెళ్లొచ్చినవాళ్లు 1977లో గద్దెనెక్కారు. 44వ సవరణ చేశారు, సలహా మండలి చూడకుండా మనిషిని మూడు నెలలు పెట్టే వీలును రెండు నెలలకు కుదించారు, మండలిలో జడ్జీలుండాలన్నారు. అంతా బాగుంది. అయితే ఆ మూడో సెక్షను ప్రభుత్వం నోటిఫై చేసిన రోజునుంచి అమలవుతుందని రాసుకున్నారు. ఆ రోజు ఇంతవరకూ రాలేదు. జనతా వాళ్లు చెయ్యలేదు, కాంగ్రెసు చెయ్యలేదు, ఫ్రంటులు చెయ్యలేదు, బీజేపీ చెయ్యలేదు. ఇన్ని జెండాలకు దీని మీద ఎంత ఐకమత్యమో చూడండి. మన రాష్ట్రంలో 1986లో సారా కాసేవాళ్లు, గూండాలు, భూకబ్జాదారుల పేరుతో వచ్చిన నిర్బంధ చట్టం కూడా ఆ దారిలోదే. తెలంగాణలో దాన్ని అలవాటుగా వాడేస్తున్నారని 2023లో సుప్రీంకోర్టు గట్టిగా మందలించింది. భూములు మింగినోళ్లు ఆ చట్టం కింద ఎంతమంది లోపలికెళ్లారో గానీ, సారా కాసినోళ్ల పల్లెలు నాకు తెలుసు.

చదువుకున్నోళ్లకు ఇంకో చట్టం ఉంది, ఊపా. 2008 సవరణతో దాని కింద బెయిలు దొరకడం గగనమైంది. ఆనంద్ తేల్తుంబ్డే కులం గురించి ఎన్ని పుస్తకాలు రాశాడో మీకు తెలుసు. 2020 ఏప్రిల్ 14న లోపలికెళ్లాడు. బొంబాయి హైకోర్టు బెయిలిస్తే 2022 నవంబరు 26న బయటికొచ్చాడు. అంబేద్కర్ జయంతి నాడు వెళ్లి రాజ్యాంగ దినం నాడు రావడం! మేం బడిలో ఆ రెండు రోజులూ పీఠిక చదివిస్తాం.

అట్టాంటి ఒక నవంబరు 26నే నా కథా జరిగింది. మండల కేంద్రంలో విద్యార్థులు సభ పెట్టి పిలిచారు. పైన చెప్పిన 44వ సవరణ సంగతి చెప్పాను. అన్ని పార్టీలనూ అన్నాను. ఎవరో ఫోన్లో తీశారు. వారం తిరక్కుండా పై ఆఫీసునుంచి మెమో వచ్చింది. ప్రభుత్వ విధానాల్ని బహిరంగంగా విమర్శించినందుకు 1964 ప్రవర్తనా నియమావళి కింద మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని. ఉద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని 1962లో బీహార్ ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు పేరు పెట్టి నాలుగు పేజీల జవాబు రాసుకున్నాను. స్టాఫ్ రూములో చూపించాను. ఒక పెద్దాయన చదివి, మెల్లిగా, "కోటాలో వచ్చిన ఉద్యోగం మాస్టారూ, కాపాడుకోవాలి గదా" అన్నాడు. ఆయన తన కులసంఘం సభలో మంత్రిగారి పక్కన కూచుని ప్రభుత్వం తమకేం చెయ్యలేదో గంటసేపు మాట్లాడొచ్చినాయన. ఆయనకు మెమో రాలేదు.

ఆఫీసులో గుమస్తా ఇంకా మంచివాడు. "ఇదెందుకు సార్, ఇట్టా రాసివ్వండి, అందరూ ఇట్టాగే రాస్తారు" అని ఒక పాత కాయితం నమూనా ఇచ్చాడు. అందులో నాలుగే వాక్యాలు. ఉద్దేశపూర్వకంగా అనలేదు, చింతిస్తున్నాను, ఇకపై జాగ్రత్త వహిస్తాను, దయతో మన్నించగలరు. నాలుగు పేజీలు సంచిలో పెట్టుకుని ఆ నాలుగు వాక్యాలు రాసిచ్చాను. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఇంటి అప్పు. మా నాయనది ఏలిముద్ర, నాది సంతకం. ఒక తరం చదువుతో వచ్చిన తేడా అది.

ఈ వ్యాసం ఇస్తానన్నప్పుడు సంకలనం మిత్రులు, పేరు మార్చుకుంటావా అని అడిగారు. శుద్ధ సాహిత్యానికి అనుమతి అక్కర్లేదంటారు గదా, సాహిత్య విమర్శ అని పెట్టండి అన్నాను. నవ్వుకున్నాం. పేరు సంగతి ఇంకా తేల్చుకోలేదు.

మొన్న సెలవులకు ఊరెళ్లినప్పుడు వసారాలో కూచుని దీన్ని దిద్దుకుంటున్నా. మా నాయన మంచం మీంచి, "ఏందిరా అంతసేపు రాత్తన్నావు?" అన్నాడు. రాజీ సంగతి నాయనా, నీ కేసు సంగతి కూడా రాశా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. చదవమన్నాడు. అరుగు దగ్గర ముక్క చదివి వినిపించాను.

"ఎనిమిది ఏలు కాదు," అన్నాడు. "ఏడున్నర. ఐదొందలు పెద్దమనుషుల కర్చులని పట్టుకున్నారు. సరిగ్గా రాయి."